లెక్కకు రాని గల్లీ

"లేని బండ్లను నేనెట్ల రాయాలమ్మా?"

"రోడ్డే లేకుంటే బండ్లెట్ల వస్తయి బిడ్డా?"

"రూలు గట్లుంది. బండ్లు ఎక్కువ తిరిగే గల్లీకే ముందు రోడ్డు."

"మనుషులు తిరిగేది నీ కంటికి ఆనదా?"

"ఈ కాగితంల మనుషులకు గడి లేదమ్మా."

రాంగోపాల్‌పేట్‌లో మా గల్లీ, పక్క గల్లీ కలిసే మూల మీద సర్వే సారుతో నాకైన పంచాయితీ ఇది. పెద్ద గొడుగు, మడత కుర్చీ, మెడలో కార్డు. రెండు గల్లీల్లో ఒక్కదానికే ఈ ఏడు రోడ్డట. దేనికో తేల్చేందుకు రెండు రోజులు బండ్లు లెక్కపెట్టమని ఆఫీసోళ్లు ఆయన్ని కూర్చోబెట్టిన్రు.

పక్క గల్లీలో సిమెంటు రోడ్డు ఇంకా నున్నగానే ఉంది. మా గల్లీని పైపుల కోసం తవ్వి, పైన మట్టి పోసి పోయిన్రు. ఆటో లోపలికి రాదు. మావాళ్లు సుత స్కూటర్లు పక్క గల్లీల పెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని ఇంటికి నడిచొస్తరు. మా బండ్లన్నీ పోయి వాళ్ల లెక్కలో పడ్డయి! నేను చదివింది మూడో తరగతి. బాగున్న చీరకు అతుకేసి, చినిగినదాన్ని దండెం మీద వదిలేసేంత చదువు నాకు అబ్బలేదు.

నాకు కావాల్సింది ఒక్కటే. మా ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటో మా గుమ్మం ముందుకు రావాలె. ఇప్పుడైతే ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీల కూర్చోబెట్టి మూలదాకా మోసుకుపోవుడే. అదే సారుకు చెప్పిన.

"అయ్యో, తక్లీఫే" అన్నడు.

"మరి తక్లీఫ్‌కు గడి ఉందా?"

సారు సీసా మూత తీసి నీళ్లు తాగిండు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "నన్ను కుర్చీతోటి రాయమనకపోయినవా? బండికి లాగ నాలుగు కాళ్లున్నయి" అని నవ్విండు.

"నవ్వకుండ్రి, ఆయాసమొస్తది" అన్న. నాకు మాత్రం కోపం దిగలే.

మరునాడు పొద్దున పక్కింటి అన్నదమ్ములిద్దరు కుర్చీ లేపిన్రు. నేను ముందు నడుస్తూ కాళ్లకు అడ్డమొచ్చే రాళ్లు పక్కకు తోసిన. పక్క గల్లీల ఆటో ఆగి ఉంది. మమ్మల్ని చూసి సారు లేచి, దారిచ్చేందుకు తన గొడుగు జరిపిండు. మా ఆయన్ని ఆటో ఎక్కించినం. సారు మళ్ల కూర్చుని, ఆ ఆటోను పక్క గల్లీ కింద రాసుకున్నడు.