బోణీ చెయ్యి

ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళలో పొద్దున మొదటి బేరమే బోణీ. అది తెగేదాకా ఎవరికీ ఊపిరాడదు. మా అత్తగారి అంగడిలో ఇంకో పట్టింపు కూడా ఉంది: బోణీ డబ్బు నోటుగానే పుచ్చుకోవాలి. మిగతా రోజంతా ఫోనుతో కట్టి పోయినా ఫర్వాలేదు. "ఫోన్లో పడిన దుడ్లను కండ్లకు ఎట్ల అద్దుకునేది?" అంటుంది మా అత్త.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు బోణీకి నన్ను కూర్చోబెట్టారు. జమ్మలమడుగులో మా నాన్న కిరాణా కొట్లో తూకం వేస్తూ పెరిగినదాన్ని, నాకేం భయం అనుకున్నాను. వచ్చినామె గుట్టెడు చీరలు విప్పించి, "మళ్ళీ వస్తాలేమ్మా" అని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు సాయంత్రందాకా అందరం ఈగలు తోలుకున్నాం. మా అత్త నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నీ చేత బోణీ వద్దులేమ్మా, లోపల కూచో" అంది మెత్తగా.

లోపల అంటే అంగడి వెనక సరుకు గది. కిటికీ లేదు. కొత్త బట్టల గంజి వాసన, తిరిగీ తిరగని ఫ్యాను. బోణీ అయ్యేదాకా నా ముఖం కూడా ఎవరికీ కనబడకూడదు. రోజూ అక్కడ కూచుని, ముందురోజు విప్పిన చీరలు మడతపెడుతూ, బయట బేరం తెగిందా లేదా అని చెవులు రిక్కించేదాన్ని. ఒళ్ళు మండిపోయేది. కానీ అంతకంటే చెడ్డది ఇంకోటి జరిగింది. వాళ్ళ మాట నేనే నమ్మేశాను. తర్వాత బయటికొచ్చి ఎవరికైనా చీర చూపిస్తుంటే, "ఈమె కూడా లేచిపోతుంది" అని లోపల చెప్పుకునేదాన్ని. అలా అనుకోగానే చేతులు తడబడేవి, కొంగు తిరగబడేది, ధర చెప్పేటప్పుడు గొంతు పీలగా వచ్చేది. ఆమె నిజంగానే లేచిపోయేది. నేననుకోలేదూ అని నాకు నేనే శభాష్ చెప్పుకునేదాన్ని!

అంతలో మా అత్తామామలు పులివెందులలో ఇంకో చిన్న అంగడి పెట్టి, కొడుకుల్లో ఒకరిని అక్కడ కాపురం ఉంచాలనుకున్నారు. నా భర్తతో వెళ్ళి చూసొచ్చాను. కింద ఒకే షట్టరు, పైన కాపురానికి గది, రోడ్డు వైపు పెద్ద కిటికీ. అక్కడ నిలబడి, ఇక్కడికి రాకపోతే నేను బతకలేను అనుకున్నాను. మామ మాత్రం తేల్చి చెప్పాడు.

"ఆడ ఉండేది మీరిద్దరే. వాడు సరుక్కని పోతే బోణీ ఎవరు చేస్తారమ్మా? నీ చేతి సంగతి తెలిసి కూడా ఎట్ల పంపేది?"

సరుకు గదిలో మడతలు వేస్తూ ఆ మాటే తల్చుకుని కుమిలిపోయాను. జమ్మలమడుగులో కందిపప్పు తూచేటప్పుడు, వీళ్ళు కొంటారా కొనరా అని నేనెప్పుడైనా బెంగపడ్డానా? తూచేదాన్ని, అంతే. చూపించడం నా పని, కొనడం వాళ్ళ పని. ఈ మాటే పైకి అనుకుంటూ ఒక్కో చీర విసిరి విప్పడం, మళ్ళీ మడవడం మొదలుపెట్టాను. మొదట్లో నాకే నవ్వొచ్చింది. పోనుపోను చేతులు నిదానించాయి.

ఒక పొద్దున అత్తా మామా వల్లూరులో పెళ్ళికి పోయారు. సరుక్కు పోయిన నా భర్త ఇంకా తిరిగి రాలేదు. అంగడి తెరవగానే మైలవరం వైపు నుంచి ఒక రైతు కుటుంబం పెళ్ళి బట్టలకని దిగింది. పనివాళ్ళు నా ముఖం చూశారు. వచ్చినవాళ్ళను నిలబెట్టలేం కదా, వెళ్ళి కూచున్నాను.

"ఏంది పాపా, నువ్వొక్కదానివే ఉండావు? పెద్దామె యాడికి పోయింది?" అంది వాళ్ళలో ముసలావిడ.

"పెండ్లికి పోయినారవ్వా. కూచోండి, చూపిస్తా. నచ్చితేనే తీసుకోండి."

నా గొంతు నాకే కొత్తగా, గట్టిగా వినిపించింది. చీర విసిరితే అంచు సరిగ్గా ఆమె ముందు పరుచుకుంది. పెళ్ళికూతురి చీరలతో పాటు వియ్యాలవారికి పెట్టే చీరలు కూడా మా దగ్గరే తీసుకున్నారు. ఆమె ఇచ్చిన నోట్లు కళ్ళకద్దుకుంటూ ఏడ్చేశాను.

ఆ తర్వాత మా అత్త నన్ను పరీక్షించడానికని చాలాసార్లు కూర్చోబెట్టింది. ఒక్క బోణీ తప్పలేదు. ఇక పులివెందులకు ఎప్పుడు పోదామని ధైర్యంగా అడిగాను. ఆమె ముచ్చటగా నవ్వింది.

"పిచ్చిదానా! ఇంత మంచి చెయ్యిని యాడికో పంపుకుంటామా? పులివెందులకు నీ మరిదీ తోడికోడలూ పోతారులే. ఈడ నువ్వు లేకుంటే శానా కష్టం."

నా భర్త ఫోను చూసుకుంటూ బయటికి నడిచాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డాను. ఇప్పుడు జమ్మలమడుగులో మా అమ్మను చూడాలన్నా బోణీ అయ్యాకే బయల్దేరాలి, చీకటి పడేలోగా తిరిగి రావాలి. జ్వరమొచ్చినా దుప్పటి కప్పి ఆటోలో తెచ్చి కూర్చోబెడతారు.

మొన్న తిక్క రేగి, బేరం చెడగొట్టాలనే కూచున్నాను. ఒకామె వచ్చింది. ఈమె లేచిపోతుంది, నా చెయ్యి మంచిది కాదు అని లోపల పదేపదే చెప్పుకున్నాను. ఎంత చెప్పుకున్నా నమ్మబుద్ధి కాలేదు. చేతులు వాటి పాటికవి చీరను అందంగా పరిచేశాయి. చివరికి మా అత్త వినకుండా ఆమె వైపు వంగి, "పక్క అంగట్లో కూడా చూసి రామ్మా" అని బతిమాలాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత నిజం చెప్పేదాన్ని యాడా చూడలేదు తల్లీ" అని నోట్లు తీసి నా చేతిలో పెట్టింది. "మా చుట్టాలందరినీ నీ దగ్గరికే తోలుకొస్తా."