కనకవ్వ కలిపిన నలుపు

హుస్నాబాద్‌లో పెళ్లి కుదిరితే ముందు కనకవ్వకే కబురు పోయేది. మా పెద్దమ్మ అని గొప్పలు చెప్పడం కాదు గానీ, ఆమె పెట్టిన మైదాకు, అదే గోరింటాకు, పండకపోవడం నేను చూడలేదు. తాను నూరిందే మైదాకు, దుకాణంలో దొరికే కోనులన్నీ దొంగ సరుకు అనే మొండిఘటం.

పోయిన ఆషాఢంలో మహిళా సంఘం భవనంలో మూడు రోజులు మైదాకు నేర్పించాలనుకున్నాం. పంతులమ్మగా ఆమెను నేనే కూర్చోబెట్టాను. పదిమంది ఆడపిల్లలొచ్చారు. రాత్రంతా ఉంచుకోవాల్సిన ఆకును మొదటి రోజు పెట్టిన రెండు గంటల్లోనే కడిగేశారు. ఇంకేం పండుతుంది? లేత నారింజ రంగు వచ్చింది.

"గింతేనా అవ్వా? కోనైతే నల్లగ పండుతది గదా," అంది ఇంటర్ చదివే నవత. అందరూ నవ్వారు. సిగ్గులేక నేనూ నవ్వాను. పెద్దమ్మ ముఖం చిన్నబోయింది.

రెండో రోజు గంటలోనే మైదాకు నల్లగా నిగనిగలాడింది. నవత కుడిచేతి మీద పెద్దమ్మ వేసిన నెమలిని నేను ఊరంతా చూపించుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే పెద్దమ్మ ఒగరుస్తూ మా ఇంటికొచ్చింది.

"మంజులా, నవత చెయ్యి వాచిందట. దవాఖానకు తీస్కపోయిండ్రట. నేను జుట్టుకేసే నల్లరంగు కలిపిన బిడ్డా."

"ఎవ్వలకు చెప్పకు," అన్నాను. నా నోటికి మొదట వచ్చిన మాట అదే. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇద్దరం దవాఖానకు పోయాం. నెమలి గీసిన గీతల వెంబడి బొబ్బలు లేచాయి. పిల్ల నొప్పికి పళ్లు కొరుకుతోంది.

"మైదాకులో ఏం కలిపారు? తెలిస్తేనే సరైన మందు ఇవ్వగలను," అన్నాడు డాక్టరు.

"కనకవ్వ ఆకు దప్ప ఏం కలపది సారూ. నలభై ఏండ్ల సంది జూస్తున్నం," అంది నవత తల్లి రామవ్వ.

నేను పెద్దమ్మ చెయ్యి గట్టిగా నొక్కాను. ఆమె విదిలించుకుంది. డాక్టరు ముందుకు పోయింది.

"కలిపిన సారూ. జుట్టు రంగు కలిపిన. రామవ్వా, నన్ను కొట్టు."

రామవ్వ కొట్టలేదు. ఆ సాయంత్రం మిగతా తొమ్మిది ఇండ్లకూ పోయి, పెద్దమ్మ ఒక్కొక్క పిల్ల చెయ్యీ వెలుతురులో తిప్పి చూసింది. దేవుడి దయ, ఇంకెవరికీ ఏం కాలేదు.

మైదాకు పదిహేను రోజుల్లో పోతుంది. నవత చేతి మీద నెమలి మాత్రం పోలేదు, తెల్లటి మచ్చగా నిలిచిపోయింది.

ఈ ఆషాఢంలో నవతే పెద్దమ్మ ఇంటికొచ్చి ఎడమచెయ్యి చాపింది. "గీ చేతికి పెట్టవ్వా. వట్టి ఆకే పెట్టు."

పెద్దమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నాకు భయమైతంది బిడ్డా," అంది. చెయ్యి వదల్లేదు, మైదాకూ పెట్టలేదు.