ఐదో ఫ్యాక్టరు

తిరువళ్ళూరు స్టేషనులో లోకల్ రైలు బ్రేకు కీచుమంటే ఇప్పటికీ నాకు ఆ రోజు గుర్తొస్తుంది. రైలుకట్ట పక్కనే దేవకి మేడం సర్వే ఆఫీసు ఉండేది. నా మొదటి ఉద్యోగం అక్కడే. కడంబత్తూరు మనిషి ఆవిడ. నవ్వితే ఏదో పోతుందన్నట్టు ఉండేది.

ఒక ఫ్యాక్టరీవాళ్ళు తమ దగ్గర పనిచేసే ఆడవాళ్ళ మనసు తెలుసుకోవాలని మాచేత సర్వే చేయించారు. ఆ జవాబులన్నిటి వెనక అసలు మూలాలు, మా భాషలో ఫ్యాక్టర్లు, ఎన్నో తేల్చాలి. కంప్యూటరు మామూలు లెక్కలో ఐదంది. అలసట, భయం, ఇంటి బరువు, తోటివాళ్ళ తోడు. ఐదోదానికి మేనేజరు తనే 'విధేయత' అని పేరు పెట్టేశాడు. జవాబుల పక్కన ఆ ఆడవాళ్ళ టోకెన్ నంబర్లున్నాయి, ఏ జవాబు ఎవరిదో తెలిసిపోతుంది. అందులో వెనకబడినవాళ్ళను కాంట్రాక్టు నుంచి తీసేస్తారట. మా అక్క తిరుత్తణి నుంచి రోజూ ఆ ఫ్యాక్టరీకే పోయేది. మొహమాటానికి కూడా అబద్ధం చెప్పని మనిషి. ఆ వరసలో అక్క వెనకే ఉంటుంది.

"మేడం, మా అక్క ఆడనే పని చేస్తాది" అన్నాను.

"అట్లయితే నువ్వే చెయ్యి. మీ అక్కకోసం తగ్గించొద్దు, మేనేజరు ఆయప్పకోసం పెంచొద్దు. జవాబులన్నీ కలిపేసి చూడు."

కలిపేయడమంటే ప్రతి ప్రశ్నకూ వచ్చిన జవాబులను మనుషుల మధ్య తారుమారు చేయడం. ఇక అర్థమంటూ మిగలదు. అయినా లెక్క వేస్తే ఏవో ఫ్యాక్టర్లు కనిపిస్తాయి, ఉత్త గాలికి, అంటే కాకతాళీయంగా పుట్టినవి. మన ఐదోది ఆ గాలి ఐదోదానికన్నా బలంగా ఉంటేనే నిలుస్తుంది.

లెక్క వేసే వేళకు మేనేజరు వచ్చి ఎదుటే కాలు ఊపుతూ కూర్చున్నాడు. "ఐదుంటే ఏం పోతాది మేడం? సుమ్మా ఊరికే ఉండనీండి" అన్నాడు. నేను జవాబులు కలిపి లెక్క వేశాను. ఐదోది నిలవలేదు. నాకు ఏడుపొచ్చేంత సంతోషం.

"నాలుగే మేడం!"

"నవ్వుతా ఉండావే. మళ్ళా కలుపు" అంది మేడం. "నువ్వు కోరుకునిందే వచ్చినాది. అందుకే ఇంకా చూడల్ల. నూరుతూర్లు కలపమని చెప్పు దానికి."

ఆవిడమీద అంత కోపం నాకెన్నడూ రాలేదు. ఈసారి నిలిస్తే అక్క పని నా చేతులమీదుగానే పోతుంది. పళ్ళు బిగబట్టి మీట నొక్కాను. తెర మీద గీత నింపాదిగా పాకింది. నూరుసార్లు కలిపినా ఐదోది గాలి ఐదోదానికి కిందనే ఉంది. మేడం రిపోర్టులో నాలుగని రాసి సంతకం పెట్టింది. మేనేజరు కుర్చీ వెనక్కి నెట్టి వెళ్ళిపోయాడు, మళ్ళీ మాకు పనివ్వలేదు. ఐదోది లేకపోయేసరికి అక్క పని నిలిచింది.

"నిలిచుంటే ఏం చేసుందురు మేడం?" అని సాయంత్రం అడిగాను.

"ఐదనే రాసుందును" అంది ఆవిడ. "విధేయత అని పేరు మాత్రం పెట్టనిచ్చుండను."

ఇప్పుడు నేనూ ఈ పని నలుగురికి నేర్పుతున్నాను. నాకు నచ్చిన జవాబు వచ్చినప్పుడు సంతోషంకన్నా ముందు భయం వేస్తుంది. ఆ భయం ఆవిడ పెట్టిన భిక్ష.