జీపు కింద చెప్పిన మాట

మా బావ ఆయన అజాగ్రత్త వల్లే చనిపోయాడని నమ్ముతూ మా అక్క కిందటి నెల పోయింది. ఆ నమ్మకం నేను కలిగించింది. ఇన్నేళ్లూ ఆ బరువు నేను మోశాననడం కూడా సరికాదేమో. మోసింది అక్క. నేను చూస్తూ ఉన్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడం వల్లే చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో గుణదలలో మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. బావకు పాత జీపు ఉండేది. చల్లపల్లి దగ్గర పొలానికి అందులోనే వెళ్లేవాడు. ఇంజన్ ఆయిలు, ఫిల్టరు ఎప్పుడూ తనే మార్చుకునేవాడు. ఒక ఆదివారం ఆయనకు నడుం పట్టేసింది. అక్క ఎవరిదో పెళ్లికని ఊరెళ్లింది. నేను మారుస్తానన్నాను. కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని, ఇంట్లో ఏ పనికీ ఎవరూ పిలవనివాణ్ని. ఒక్కసారి పనికొస్తానని చూపించుకోవాలనిపించింది.

పాత ఫిల్టరు విప్పగానే వేడి నూనె మోచేతి దాకా కారింది. ఫిల్టరును అలాగే కిందున్న బేసిన్లో పడేశాను. ఫిల్టరు అంచుకు ఒక రబ్బరు రింగు ఉంటుంది. పాతబడితే అది ఒక్కోసారి ఫిల్టరుతో రాకుండా ఇంజనుకే అతుక్కుపోతుంది. దాని మీదే కొత్తది బిగిస్తే రెండూ కలిసి ఎక్కువసేపు నిలవవు, నూనె బయటికి పోతుంది. బావకు ఆ సంగతి తెలుసు. జీపు కింద నుంచి నాకు ఆయన పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

“ఏరా ప్రొఫెసరూ, పాత రబ్బరు వచ్చిందా?”

“వచ్చింది బావా.”

“చూసి చెబుతున్నావా, చదివి చెబుతున్నావా?”

“చూసే చెబుతున్నాలే.”

ఆయన నవ్వాడు. పాదాలు పక్కకు జరిగాయి.

నేను చూడలేదు. వేలు పెట్టి తడిమితే తెలిసిపోయేది. ఎందుకు తడమలేదు? ఆ జిడ్డంటే అసహ్యమా? ఆయన ప్రశ్న నా చేతకానితనాన్ని ఎత్తిచూపినట్టు అనిపించిందా? బిగించాక ఇంజను వేసి చూశాం. చుక్క కారలేదు.

మర్నాడు పొద్దున్నే బావ పొగమంచులో బయల్దేరాడు. కాలవ గట్టు రోడ్డు మీద జీపు ఆగిపోయింది. దిగి, బానెట్ ఎత్తి, ముందు నిలబడ్డాడు. మంచులో వచ్చిన లారీ జీపును వెనక నుంచి గుద్ది, ఆయన మీదికి నెట్టేసింది.

కబురు తెలిసి నేను వెళ్లేసరికి మంచు ఇంకా విడలేదు. రోడ్డు మీద నల్లటి గీత కనిపించింది. మొదట దారమంత. తర్వాత అరచేయంత. దాని వెంట నడిచాను. ముందు ఏముందో తెలియడం లేదు, పక్కన కాలవ చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు, గీత ఎటు తిరిగితే నా కాళ్లు అటు తిరుగుతున్నాయి. అది ఆగిన చోట జీపు ఉంది. నాకు అప్పుడే తెలిసిపోయింది.

కర్మకాండ అయ్యాక మెకానిక్ వచ్చి ఫిల్టరు విప్పాడు. రెండు రబ్బర్లు పైకెత్తి చూపించాడు. “పాతది తియ్యకుండానే బిగించేశారమ్మా. దారిలో ఆయిలంతా పోయి ఇంజను పట్టేసింది. ఎవరు మార్చారండీ?”

అక్క నా వైపు చూసింది.

“బావే,” అన్నాను.

అప్పటి నుంచి అక్క రోజూ పొద్దున బావ ఫొటోను తిట్టేది. ఏడుపు ఉండేది కాదు. కాఫీ కలుపుతూ, ఎదురుగా ఉన్న మనిషిని తిట్టినట్టు తిట్టేది. “ఒక్క వేలు పెట్టి చూసుకుంటే నీ సొమ్మేం పోయేదయ్యా?” అని, కాసేపు ఆగేది. జవాబు వింటున్నట్టు తల వంచి, మళ్లీ అందుకునేది. పక్క గదిలో నేను పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ని.

ఒకరోజు కూర తరుగుతూ మామూలుగా అంది. “మీ బావ కల్లోకి వస్తున్నాడ్రా. ఎప్పుడొచ్చినా ‘వచ్చిందా?’ అని అడుగుతాడు. ఏం రావాల్రా?”

ఆ మాట అక్క ఎన్నడూ విన్నది కాదు. నేను ఎవరితోనూ అనలేదు. “ఏమో అక్కా,” అన్నాను.

ఆ కల ఆమెను వదల్లేదు. వచ్చిన ప్రతి పొద్దునా నా ముఖంలోకి చూసేది. ఆమెకు తెలుసా? తెలిసే, నేను చెబుతానని ఎదురుచూసిందా? లేక అలా అనుకుంటే నా తప్పు కాస్త తగ్గుతుందని నేనే ఊహిస్తున్నానా?

చివరి రోజుల్లో ఆసుపత్రికి బావ ఫొటో తెస్తానన్నాను. వద్దంది. ఆ మొహం చూడాలని లేదంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. నర్సు వచ్చింది. నర్సు వెళ్లాక కూడా చాలా సమయం ఉంది. ఆ సంగతి కూడా దాచను.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కణ్నే. అక్క పోయాక ఆ కల నాకు వస్తుందని ఎదురుచూశాను. రావడం లేదు. ఎవరూ నన్ను ఏమీ అడగడం లేదు. అందుకే అడక్కుండానే మీకు చెబుతున్నాను. ఇంత రాసేసరికి ఊపిరి కొంచెం లోతుగా అందుతోంది, అంతే. ఆ ఫిల్టరు బిగించింది నేను. మా బావ జాగ్రత్తగానే ఉన్నాడు. అడగవలసింది అడిగాడు.