స్టారుకు వేలాడిన తాళంచెవి

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే ఉండేది, ఫార్మాట్. మౌసు కదలకపోతే ఫార్మాట్, పాట ఆగి ఆగి వస్తే ఫార్మాట్, స్క్రీను మసకబారితే ఫార్మాట్. లోపల ఏముంది, అది ఎవరిది, పోతే ఎవరు ఏడుస్తారు అని అడిగే పాపాన ఎవరూ పోయేవారు కాదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఒకతను, మా అన్నయ్యకు ప్రాణస్నేహితుడు, ఈ వైద్యంలో ఎంత పేరు తెచ్చుకున్నాడంటే ఊరంతా అతన్ని ఫార్మాట్ అనే పిలిచేది. పిలిస్తే పలికేవాడు కూడా. మనిషి మంచివాడే, కాదనను. కానీ ఆ మాట వింటే నాకు అప్పుడూ ఒళ్లు మండేది, ఇప్పుడూ మండుతుంది.

నేను అప్పట్లో రోలుగుంటలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పొద్దున్నే ఆటోలో సగం లోపల, సగం బయట వేలాడుతూ వెళ్లి, సాయంత్రం గొంతు ఎండిపోయి ఇంటికి చేరేదాన్ని. ఆ జీతంలో మిగిల్చి కొనుక్కున్న కంప్యూటర్ మా ముందు గదిలో ఉండేది. నా దృష్టిలో అది నాది. అన్నయ్య దృష్టిలో అది సినిమా హాలు. ఒకసారి నేను తయారు చేసుకున్న పరీక్ష పేపర్లన్నీ తీసేసి ఆ చోటులో ఏదో ఫైటింగు సినిమా నింపాడు. అడిగితే, "సోటు లేదే. అయ్యేవో పిచ్చి ఫైళ్లు, తీసీసినాను" అన్నాడు, వాడే నాకు ఉపకారం చేసినట్టు. పరీక్ష పేపర్లయితే మళ్లీ టైపు చేసుకున్నాను. కానీ ఆ తర్వాత అందులోకి చేరినవి మళ్లీ చేసుకోగలిగినవి కావు. అవి మా మామ్మ పాటలు.

మామ్మ, అంటే మా నాన్న తల్లి, చిన్నప్పుడు మిషనరీల బోర్డింగు బడిలో పెరిగింది. పాత కీర్తనల పుస్తకంలో మాటలు అందరికీ ఉన్నాయి గానీ, కొన్నింటి రాగాలు మా చర్చి మొత్తం మీద ఆవిడ ఒక్కదానికే తెలుసు. ఒక వేసవి సెలవుల్లో ఆవిడను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మైకు నోటి దగ్గర పట్టుకుని, రోజుకు ఒకటో రెండో పాడించి రికార్డు చేశాను. (ఫ్యాను ఆపాల్సి వచ్చేది, ఇద్దరం చెమటలో నానిపోయేవాళ్లం, అయినా ఆవిడ ఒక్క చరణం వదిలేది కాదు.) వానలు పడేసరికి ఆవిడ గొంతులో ఏదో గడ్డ కనిపించింది. విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషను చేయించాం. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. గుసగుస తప్ప ఇంకేమీ రాదు. ఇక ఆవిడ గొంతు ఈ లోకంలో ఉన్నది ఒక్కచోటే, మా ముందు గదిలో, అన్నయ్య సినిమాల పక్కన. సీడీకి ఎక్కిద్దామంటే మా ఇంట్లో సీడీలు చేతులు మారని రోజు లేదు. ఆ క్రిస్మస్‌కు చర్చిలో పాడే క్వయర్ పిల్లలకు వాటిలోంచి రాగాలు నేర్పుతానని పాస్టరు అయ్యగారికి మాట కూడా ఇచ్చేశాను. వీటినీ అన్నయ్య తీసేస్తే అని తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

అందుకే తాళం వేశాను. కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో హార్డ్ డిస్క్ మొత్తాన్ని ఎవరికీ అర్థం కాని గీతలుగా మార్చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. ఆన్ చేయగానే, విండోస్ ఇంకా కళ్లు తెరవకముందే, నల్ల స్క్రీన్ మీద పాస్‌వర్డ్ అడుగుతుంది. చెప్పలేకపోతే లోపల ఉన్నదంతా చెత్తే. ఆ సాఫ్ట్‌వేర్ మా హెడ్‌మిస్ట్రెస్ కన్నా గట్టిది. "ముందు రెస్క్యూ సీడీ ఒకటి తయారు చేసుకో, నాకు చూపించు, అప్పుడే తాళం వేస్తాను" అని మొండికేసింది. చేసి చూపించాను. తాళం పడటానికి పూటంతా పట్టింది. మధ్యలో కరెంటు పోకూడదని (యూపీఎస్ కాసేపే మోస్తుంది) మామ్మ పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. గుసగుసగా చేసినా వినబడినట్టుంది, ఆ పూట కరెంటు పోలేదు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు (బయట నూడుల్స్ తిని వచ్చాడని తర్వాత తెలిసింది). చెప్పలేదు. మీక్కూడా చెప్పను.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మం బయట ఫార్మాట్ చెప్పులు కనిపించాయి. లోపల అతను కుర్చీలో, వెనక అన్నయ్య.

"ఏటి సేస్తన్నారు?" అన్నాను.

"ఏటి లేదు సెల్లీ. బూటింగు పాడైపోనాది, బాగు సేసినాను. ఇప్పుడు సూస్తే డిస్కే ఖాళీ అంటంది. ఫార్మాట్ సెయ్యాలా అని అడుగుతంది."

"మరేటన్నావు?"

"ఇంకేటంటాం, అవునని నొక్కుతన్నాను" అని వేలు ఎత్తాడు.

ఆ వేలు కిందకు దిగేలోపు నేను దూకి యూపీఎస్‌లోంచి ప్లగ్గు పీకేశాను. సాయంత్రం పూట కరెంటు ఉండి కూడా చీకటి చేసిన ఆడపిల్లను అతను అదే మొదటిసారి చూడటం. జరిగిందేమిటంటే, అన్నయ్యకు కొత్త సినిమా చూడాలనిపించింది, పాస్‌వర్డ్ తెలియక అతన్ని పిలిచాడు. అతను విండోస్ సీడీ పెట్టి డిస్క్ మొదలు భాగాన్ని 'బాగు' చేశాడు. పాస్‌వర్డ్ అడిగే ఆ నల్ల స్క్రీను ఉండేది సరిగ్గా అక్కడే. అంటే తలుపుకు తాళం అలాగే ఉంది, తాళంచెవి పెట్టుకునే కన్నాన్ని మాత్రం సిమెంటుతో పూడ్చేశాడు. మళ్లీ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడగదు, విండోస్ రాదు, మూలన ఒక గీత మాత్రం మిణుకుమిణుకుమంటుంది.

"డేటా పోనాది సెల్లీ, మర్సిపో. కొత్త విండోస్ ఏసిస్తాను, బేగి తిరుగుద్ది" అన్నాడు ఫార్మాట్, చాలా జాలిగా.

"దాని మీద సెయ్యేస్తే ఇరగ్గొడతాను" అన్నాను.

పోలేదని నాకు తెలుసు. పూడ్చిన కన్నాన్ని మళ్లీ తవ్వడానికే కదా రెస్క్యూ సీడీ ఉన్నది. షోకేసులో గాజుబొమ్మల వెనక దాచాను. వెళ్లి చూస్తే గాజుబొమ్మలున్నాయి, సీడీ లేదు. ఇల్లంతా తిరగేశాను. చివరికి మామ్మ మంచం మీంచే గుసగుసలాడింది.

"బొమ్మ లేని సీడీయేనేటే? స్టారుకి ఇచ్చీసినాను కదా."

మా ఇంట్లో సీడీ అంటే పైన హీరో బొమ్మ ఉండాలి. బొమ్మ లేదంటే ఖాళీది అని మామ్మ లెక్క. ఆ ఏడు చర్చి యూత్ వాళ్లకు కొత్త ఆలోచన వచ్చి, రంగు కాగితాల బదులు పాత సీడీలతో క్రిస్మస్ స్టారు కట్టారు. ఇల్లిల్లూ తిరిగి పనికిరాని సీడీలు అడుక్కుంటుంటే మామ్మ మనస్ఫూర్తిగా తన గొంతు తాళంచెవిని వాళ్ల చేతిలో పెట్టింది. ఇప్పుడది గంట గోపురం పైన, వెదురు బద్దల మధ్య, ఏజెన్సీ కొండల మీంచి వచ్చే చలిగాలికి తళతళమంటూ ఊగుతోంది. విషయం చెప్పగానే మామ్మ ముఖం పాలిపోయింది. ఒక్క నిమిషమే. తర్వాత చేతికర్ర అందుకుంది. "నానే ఇచ్చినాను, నానే తెచ్చుకుంటాను. నడు" అంది.

అయితే మా చర్చిలో ఒక ఆచారం ఉంది. ఎక్కించిన స్టారు కొత్త సంవత్సరం ఆరాధన అయ్యేదాకా దిగకూడదు. గాలికి బల్బు పోయినా పైకెక్కి మారుస్తారే తప్ప కిందకు దించరు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రకటనల సమయంలో లేచి నిలబడి, అన్ని సీడీల్లో నాదేదో గోపురం మీద వేలాడుతూ వెతకలేం గనుక స్టారు దించాలని అడిగాను. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరైనా లేవడమే తక్కువ. సంఘ సెక్రటరీ తాతయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మా నాయిన కాలం నుంచి దించలేదమ్మా. ఓ కంప్యూటర్ కోసం దించుతామా? అదేదో ఫార్మాట్ సేయించుకో."

ఆయన నోట కూడా ఆ మాటే. నాకు తిక్క రేగింది. "నాను సేయించుకోను తాతయ్యా. దించండి, లేదంటే నానే తాడిప్పుతాను" అన్నాను. చర్చంతా గగ్గోలైంది. పొగరన్నారు, టీచరమ్మ అయ్యాక నోరు లేచిందన్నారు. ఆ గోలలో మామ్మ కర్రతో నేలను టక్కుమని కొట్టి లేచింది. ఆవిడ గుసగుస వినాలంటే అందరూ నోరు మూసుకోవాలి. మూసుకున్నారు.

"నాయినా, నీ బాప్తిస్మానికి పాడిందెవులు?"

"మీరే, అమ్మగారూ."

"నీ పెళ్లికి?"

"మీరే."

"రేపు నిన్ను పెట్టిలో పెట్టినప్పుడు ఎవులు పాడతారు? నా గొంతు ఆ స్టారుకి ఏలాడతంది. ఒగ్గీమంటే ఒగ్గీస్తాను. నువ్వు పాటలేకుండా ఎలిపో."

సెక్రటరీ తాతయ్య చాలాసేపు పైకప్పు చూశాడు. తర్వాత అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు నవ్వు దాచుకోవడానికి బైబిలు తెరిచారు. "దించడమంటే దించడం కాదు, కొంచెం కిందకు తెద్దాం" అన్నాడు తాతయ్య.

ఫార్మాట్‌నూ అన్నయ్యనూ తాడు దగ్గర నిలబెట్టాను, వాళ్లు చేసిన పుణ్యానికి ఆ మాత్రం శిక్ష ఉండాలి కదా. స్టారు మెల్లగా గిలక మీంచి దిగింది. దాని వెనక దూరి, ఒక్కో సీడీ వీపూ చదువుతూ పోతే, కింది కొనలో నా చేతిరాత కనిపించింది. కాకి దాన్ని తన పద్ధతిలో ఆశీర్వదించింది. మంచుకు తడిసి, పక్క సీడీలకు రాసుకుని గీతలు పడింది. మామ్మ తన చీర కొంగుతో దాన్ని పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచింది. ఆ ఖాళీలో అన్నయ్య ఫైటింగు సినిమా సీడీ కట్టించి స్టారును మళ్లీ పైకి లాగించాను.

ఇంట్లో సీడీ పెట్టి ఆన్ చేశాం. డ్రైవు గురగురమంది, ఆగింది, మళ్లీ గురగురమంది. మా ప్రాణాలు ఎక్కడున్నాయో మాకే తెలియదు. నల్ల స్క్రీను వచ్చింది. కన్నం తవ్వమని చెప్పాను, తవ్వింది. పాస్‌వర్డ్ అడిగింది. అందరినీ గోడవైపు తిరగమని చెప్పి (మామ్మతో సహా) కొట్టాను. విండోస్ తెరుచుకుంది. మొదటి ఫైలు నొక్కితే, గదంతా నిండేలా మామ్మ గొంతు లేచింది. కొత్తగా, గట్టిగా, ఆపరేషను అంటే ఏమిటో తెలియని గొంతు. నేను ఏడ్చేశాను. ఫార్మాట్ కూడా ముక్కు తుడుచుకున్నాడు. మామ్మ మాత్రం తల పంకించి, "రెండో సరణంలో సుతి దిగిపోనాది" అంది.

ఆ క్రిస్మస్‌కు పిల్లలు ఆ రాగాలే పాడారు. మామ్మ ఇప్పుడు లేదు. సెక్రటరీ తాతయ్యా లేడు, ఆయన పాట లేకుండా వెళ్లలేదు, మేం చూసుకున్నాం. ఇప్పుడు నా ఫోను దానంతట అదే తాళం వేసుకుంటుంది, వేలు పెడితే తీసుకుంటుంది. నాతో ఒక్క తగువు కూడా పెట్టుకోదు. ఆ సీడీని పెట్టడానికి ఇంట్లో ఒక్క యంత్రమూ లేదు, పారేయమని పిల్లలు ఏటా అంటారు. నేను పారేయను. డిసెంబరు రాగానే మా ఇంటి స్టారుకు దాన్నే కడతాను, చేతిరాత బయటకు కనిపించేలా.

పాటలన్నీ ఫోనులో ఉన్నాయి. ఆఖరి దాని చివర యూపీఎస్ కీకీమని అరవడం వినిపిస్తుంది. కరెంటు పోయింది, అది చచ్చేలోపు సేవ్ చేయాలని నేను మౌసు కోసం తడుముకుంటున్నాను. "ఆపీకే, ఇంకోటుంది" అని నన్ను ఆపొద్దంటుంది మామ్మ. అక్కడితో అయిపోతుంది. ఆపరేషను తర్వాత ఆ ఇంకో పాట ఏదని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. "అది గొంతుతో పాడేది, గుసగుసల్తో సెప్పేది కాదు" అని మొండికేసింది. ఈ మొండితనం ఎవరి పోలికని నన్ను అడిగేవాళ్లకు ఆ ముక్క వినిపిస్తాను. అది వచ్చినప్పుడల్లా, వయసు మీద పడినా బుద్ధి రాని ఈ టీచరమ్మ, ఫోను ఆపకుండా కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంటుంది.