నీళ్ళున్న బొమ్మ

బేరంలో నాకొచ్చిన విద్య ఒకటే, మధ్యలో లేచి నడవడం. నంద్యాల బజారులో మా నాయన గుడ్డలంగట్లో కూర్చుని నేర్చుకున్నాను. మనసెంత పడినా మొహం చిట్లించి చెప్పులేసుకుంటే వెనకనుంచి పిలుపొస్తుంది. రాకపోతే కొన్నాళ్ళాగి మళ్ళీ పోవాలి. సరుకు యాడికీ పోదు.

నా భార్యది ఆళ్లగడ్డ. వాళ్ళ వీధి చివర వాగులాంటి వంకొకటి ఆమె చిన్నప్పుడు ఎండాకాలంలోనూ పారేదట. ఇప్పుడు వానలకు కొన్నాళ్ళు పారి ఎండిపోతుంది. దాని గట్టున ఒక భాయ్ బొమ్మలేస్తాడు. ఒకప్పుడు అంగళ్ళకు బోర్డులు రాసేవాడు, ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. మిగిలిపోయిన రేకు బోర్డు మీద ఆ వంకనే వేస్తుంటాడు.

మేం ఆ బొమ్మ చూసిన ఏడు వానలు బాగా పడ్డాయి. బొమ్మలో వంక గట్లొరుసుకుని పారుతోంది. కొనేచోట ఇష్టం మొహంలో చూపొద్దని పెళ్ళైన కొత్తలోనే ఆమెకు నేర్పాను. ఆ పొద్దు మరిచిపోయి బొమ్మ ముందు నిలబడిపోయింది. ఇంట్లో పెట్టుకుందాం అని చిన్నగా అంది.

ఇక నేను రంగంలోకి దిగాను. నీలం ఎక్కువైందన్నాను, రేకు తుప్పు పడుతుందన్నాను.

భాయ్ కుంచె తుడుచుకుంటూ, "శెట్టీ, తీసుకుంటే ఇప్పుడే తీసుకో. ఎండలొస్తే ఈ బొమ్మ ఉండదు," అన్నాడు.

ఆఖరి పీసమ్మా, మళ్ళీ రాదు అని రోజూ అంగట్లో ఆడోళ్ళకు చెప్పేది నేను. నా మాట నాకే అమ్ముతాండాడే అని లోపల నవ్వుకుని లేచాను. భాయ్ పిలవలేదు.

తర్వాత ఆమె అడిగినప్పుడల్లా ధర ఇంకొంచెం దిగనీ అన్నాను. ఇంతలో పెళ్ళిళ్ళ సీజను. ఉగాది దాటినాక పోయాం.

రేకు అదే. గట్టూ, తుమ్మచెట్టూ అవే. నడుమ నీళ్ళు లేవు. పగుళ్ళిచ్చిన ఒండ్రు, దాని మీద ట్రాక్టరు చాళ్ళు. పక్కన అసలు వంకా అట్లే ఉంది. వంక ఎట్ల మారితే అట్ల, పాత బొమ్మ మీదే కొత్తది పూస్తాడట.

నీళ్ళు మళ్ళీ వెయ్యమన్నాను, ఎంతడిగినా ఇస్తానన్నాను. ఆడ లేనివి యాడ చూసి వేసేదన్నాడు. పారితే వేస్తా, అప్పుడు రమ్మన్నాడు.

ఆమె వంగి, మందంగా పేరుకున్న రంగును వేలితో తడిమింది. "అది ఈ కిందనే ఉందా, భాయ్?"

"ఉందమ్మా. కింద శానా వంకలుండాయి. గీకితే అన్నీ పోతాయి."

బస్సులో కిటికీ వైపే చూస్తూ, "అందుకే ఆ పొద్దే తెమ్మంటి," అంది. అంతే.

ఇప్పుడు నల్లమల మీద మబ్బు పడితే చాలు, వంక పారుతాందా అని వాళ్ళన్నకు ఫోన్ చేస్తుంది. మొన్నొక మధ్యాహ్నం పారుతాందన్నాడు. అంగడి మూసి పోయాం. మేం చేరేసరికి వంక ఒక్క ఊపున వచ్చి పోయింది. కంపా ప్లాస్టిక్కూ మిగిలాయి. భాయ్ గట్టునే కూర్చుని మట్టిరంగు కలుపుతున్నాడు.