చెక్కినవాడే నమ్మాడు

ఇత్తడి రేకు మీద అక్షరం చెక్కడంలో ఆయనకు ఆయనే సాటి. ఆటల పోటీల కప్పులు, పదవీ విరమణ జ్ఞాపికలు, ఆఫీసుల షీల్డులు, ఊళ్ళో ఎవరి గోడ మీద ఏది మెరిసినా చాలావరకు ఆయన పదడుగుల దుకాణంలోంచి వెళ్ళిందే. ముందు రేకు మీద సుద్ద రుద్దేవాడు. పెన్సిలుతో అక్షరాలు గీసుకుని, ఆ తర్వాత సన్నటి ఉలి పట్టేవాడు. ఉలి జారిందా, రేకు పాడు. అందుకని చెక్కబోయే మాటను రెండు మూడుసార్లు పైకి చదువుకునేవాడు. చదివి చదివి ప్రతి మాటా ఆయనకు నిజంలాగే తోచేది.

ఏటా వ్యాపారుల సంఘం వాళ్ళు 'ఉత్తమ యాజమాన్యం' షీల్డులు పన్నెండు చేయించేవారు. బిరుదు ముందే చెక్కాలి, సంస్థ పేరు దగ్గర మాత్రం ఖాళీ వదలాలి. రుసుము కట్టి పోటీకి వచ్చినవాళ్ళెవరో తేలాకే పేర్లు అందేవి. ఇందులో ఎవరి మంచితనం ఎవరు తూచారో ఆయన ఎన్నడూ అడగలేదు. ఊరి చివరి గిడ్డంగి పేరు వరసగా నాలుగేళ్ళు తన చేత్తో చెక్కాక మాత్రం, అది మంచి చోటేనని మనసులో నాటుకుపోయింది.

భార్యకు ఒక్కడే తమ్ముడు. వెనకా ముందూ ఎవరూ లేక అక్కతోపాటే ఈ ఇంట్లో ఉండిపోయాడు. సైకిళ్ళ కొట్లో పని. నోరు మహా చురుకు.

"ఒరేయ్, గిడ్డంగిలో మనుషుల్ని తీసుకుంటున్నారట. వెళ్ళి చేరు. నాలుగేళ్ళుగా ఉత్తమ యాజమాన్యం వాళ్ళదే."

"ఎవరన్నారు బావా?"

"ఎవరనేదేంట్రా? చెక్కింది నేనేగా!"

"బాగుంది. వండినవాడే లొట్టలేసినట్టుంది."

అక్క పడీ పడీ నవ్వింది. "వాడి వాగుడుకేం గానీ, మీరు చెప్తే వెళ్తాడులెండి," అంది. వెళ్ళాడు.

ఆ గిడ్డంగిలో ఒక పద్ధతి ఉంది. పనివాళ్ళు ఇరవై మందికి ఒక జట్టు. నెలంతా ఎవరూ సెలవు పెట్టని జట్టు ఫొటో గేటు దగ్గర పెడతారు. ఒక్కడు సెలవు పెట్టినా ఫొటో దిగిపోతుంది. మిగతా పంతొమ్మిది మందీ వాడి మొహం చూడరు. సెలవులు ఇంత తక్కువంటే మా వాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నారో చూడండని యాజమాన్యం అవార్డు దరఖాస్తులో రాసుకునేది.

చలి రోజుల్లో బావమరిదికి జ్వరం పట్టుకుంది. ఒక ఆదివారం దుకాణానికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"మానేస్తాను బావా. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సైకిళ్ళ కొట్టాయన మళ్ళీ రమ్మంటున్నాడు."

"జ్వరమొస్తే ఉద్యోగం మానేస్తారట్రా? రెండ్రోజులు పడుకో."

"పడుకుంటే జట్టువాళ్ళు పీక్కుతినరూ?"

"అంత పేరు ఊరికే రాదురా. ఈ ఒక్క నెలా ఓర్చుకో. అలవాటైపోతుంది."

ఏదో ఒక విసురు విసురుతాడని ఆయన చూశాడు. విసరలేదు. "సరేలే," అని లేచి వెళ్ళిపోయాడు.

ఇంకో తొమ్మిది రోజులు పనికి వెళ్ళాడు. పదో రోజు అట్టపెట్టెల మధ్య పడిపోయాడు. ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందని, నాలుగు రోజుల ముందు తెచ్చినా దక్కేవాడని డాక్టరు అన్నాడు. అప్పటినుంచి ఆయన ఆ నాలుగు రోజులూ వెనక్కి లెక్కపెడుతూనే ఉన్నాడు. ఎలా లెక్కపెట్టినా ఆ ఆదివారం ఇంకా ముందే ఉండేది.

రెండు నెలలకు గిడ్డంగి ఆఫీసు నుంచి ఒక మనిషి దుకాణానికి వచ్చాడు. చుట్టరికం తెలియనివాడు.

"షీల్డండీ. కాస్త తొందర."

కాగితం మీద 'ఒక్క రోజూ సెలవు పెట్టని ఆదర్శ కార్మికుడు' అని ఉంది. కింద బావమరిది పేరు.

"పోయాడు పాపం. వాళ్ళక్కను పిలిచి ఇస్తాం. కాస్త లోతుగా చెక్కండి, దూరానికి కనబడాలి."

ఆ మనిషి వెళ్ళాక ఆయన సుద్ద తీశాడు. కాగితం ముందుంచుకుని చదవబోయాడు. మొదటి మాట దగ్గరే ఆగి, సుద్ద కింద పెట్టేశాడు. తలుపు మూసి ఇంటికి నడిచాడు.

భార్య చేతిలో సభ పిలుపు ఉంది.

"మనవాడికి బహుమతట. పోనీలెండి, అంతమందిలో వాడి పేరైనా వినబడుతుంది. వెళ్దామా?"

ఆయన గుమ్మంలో నిలబడే అన్నాడు. "వాడు మానేస్తానని నా దగ్గరికొచ్చాడు. నేనే వద్దన్నాను."

ఆవిడ పిలుపు కాగితం మడిచింది. ఇంకా చిన్నగా మడిచింది.

"నాకూ చెప్పాడండీ, ఆ సాయంత్రమే. బావ మాట కాదనకురా అన్నాను."

ఆయన వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. రెండు నెలలుగా ఒకే కప్పు కింద, ఒకరికి తెలియకుండా ఒకరు అదే బరువు మోసుకొచ్చారు.

"అడగడానికి వాడికి మూడో మనిషి లేకపోయాడు," అంది ఆవిడ.